ఇత్తడి డబ్బాలో తోడు

తోడు పెట్టడమంటే పాలలో మజ్జిగ చుక్క వేయడమని ఎవరినడిగినా చెబుతారు. ఈదరపాలెంలో షేక్ నాగుల్‌మీరా సాయిబు ఇంట్లో మాత్రం తోడు పెట్టేది సన్నాయి పీకకి.

నవ్వకండి. ఆ ఇంటివాళ్ళకి అది నవ్వులాట కాదు. సన్నాయి కొనకి తగిలించి పెదాల మధ్య పెట్టుకుని ఊదే రెల్లు పీక ఎంత మంచిదైనా ఒక పెళ్ళిళ్ళ కాలం దాటి నిలవదు. చీలుతుంది, లేదంటే మెత్తబడి పలకనని మొండికేస్తుంది. అప్పుడు కొత్త పీక కోసి, దాన్ని పాత పీకతో కలిపి తడిగుడ్డలో చుట్టి, ముత్తాత నాటి ఇత్తడి డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. గుడ్డ ఆరిపోకుండా రోజూ నాలుగు చుక్కలు చిలకరించాలి. అంతేగానీ పీకని కడిగారా, ఇంట్లో పిడుగు పడ్డట్టే. కొన్నాళ్ళకి పాతదాని జిగురు కొత్తదానికి అంటుకుంటుంది. అప్పుడు ఊదితే, లోకంలో ఇంకే సన్నాయికీ లేని ఒక జీర పలుకుతుంది. బాగా ఏడ్చి అప్పుడే తేరుకున్న మనిషి గొంతులో ఉండే జీర. బాపట్ల నుంచి చీరాల దాకా ఏ పెళ్ళి పందిట్లోనైనా, మనిషి కనపడకముందే ఆ జీర విని, "నాగుల్‌మీరా వచ్చాడ్రోయ్!" అనుకునేవాళ్ళు.

ఆ గుడ్డ తడిపే పని చిన్నప్పుడు ఆయన కూతురు సైదాబీది. సాయంత్రం అరుగు మీద కూచుని, డబ్బా మూత తీసి, పీకని నోట్లో పెట్టుకుని కీచుమనిపించి చూసేది. లోపల్నుంచి నాయన కేకేసేవాడు.

"పడిందా అమ్మా పదును?"

"ఇంకా పడలా నాయనా!"

అబద్ధం. పదును ఎప్పుడో పడేది. ఇంకో రోజు ఊదొచ్చని అట్లా చెప్పేది. పీక వరకే ఆ పిల్లకి. సన్నాయి ఎత్తబోతే మాత్రం, "ఆడపిల్లవి, నీకెందుకే అంత బరువు" అని నాయన నవ్వుతూనే లాక్కుని అన్న బాజీ చేతికిచ్చేవాడు. ఆ నవ్వు గుర్తొస్తే సైదాబీకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ నవ్వు ఇంకొక్కసారి వినాలనీ ఉంటుంది.

ఇప్పుడామె గుంటూరు బయట ఒక పరిశోధనశాలలో శాస్త్రవేత్త. నాగుల్‌మీరా పోయి చాలా ఏళ్ళయింది. ఊపిరితిత్తుల క్యాన్సరు. జన్మలో బీడీ ముక్క ముట్టని మనిషికి అదెట్లా వచ్చిందంటే పెద్ద పెద్ద డాక్టర్లు కూడా పొయ్యి పొగన్నారు, రోడ్డు దుమ్మన్నారు, చివరికి అల్లా రాతన్నారు. ఏ జవాబూ సైదాబీకి మింగుడు పడలేదు. ఆ ప్రశ్న పట్టుకునే ఆమె ఈ చదువంతా చదివింది.

ఆ ల్యాబ్‌లో తయారుచేసేవి మింగుళ్ళు. అసలు పేరు బారెడుంటుంది గానీ అక్కడ అందరూ ముద్దుగా పిలుచుకునేది అదే. ఊపిరితిత్తుల్లో కొన్ని సూక్ష్మజీవులు జిగురు గూడు కట్టుకుని దశాబ్దాలు కాపురం చేస్తాయి. మామూలు మందులు ఆ గూట్లోకి దూరలేవు. మింగుళ్ళు దూరతాయి. అవి ఆ సూక్ష్మజీవిని మాత్రమే తిని బతికే వైరస్‌లు, ల్యాబ్‌లో మచ్చిక చేసి పెంచినవి. ఆవిరి పట్టినట్టు పీలిస్తే లోపలికెళ్ళి, తిండి ఉన్నంతవరకూ తిని, తిండి అయిపోగానే అవీ చచ్చిపోతాయి. ఏ జీవికి ఆ మింగుడే పనిచేస్తుంది, ఒకదానికి చేసింది ఇంకోదానికి పనికిరాదు.

బాజీకి దగ్గు తగ్గడం లేదని వదిన జైనాబీ ఫోన్లో మొత్తుకుంటే, సైదాబీ అన్న కళ్ళె తెప్పించి గాజు పళ్ళెంలో పెంచడానికి పెట్టింది. మర్నాడు పొద్దున్నే మూత తీసింది.

తీసి అట్లాగే నిలబడిపోయింది. తడిసిన గడ్డి వాసన, దాని వెనకే కొంచెం పులుపు, ఇంకా లోపల ఇత్తడి. ఈదరపాలెం అరుగు, సాయంత్రం ఎండ, లోపల్నుంచి నాయన కేక, అన్నీ ఆ పళ్ళెంలోంచి లేచొచ్చాయి. పక్క బల్ల మీద పనిచేస్తున్న పిల్ల, "ఏమైంది మేడమ్?" అని కంగారుపడింది. సైదాబీ కళ్ళు తుడుచుకుని, ఏదో ఘాటు తగిలిందిలే అంది.

నాయనకి ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో ఆయన ఊపిరితిత్తి ముక్క ఇంకా భద్రంగా ఉంది. దాన్నీ తెప్పించి పోల్చింది. ఆ జీవే. ఇత్తడి డబ్బాలోని గుడ్డపీలిక తెప్పించి చూసింది. అదీ ఆ జీవే. ముత్తాత నుంచి తాతకి, తాత నుంచి నాయనకి, నాయన నుంచి అన్నకి, ఎవరి చేత్తో వాళ్ళు ప్రేమగా తోడు పెట్టి మరీ ఇచ్చుకున్నారు.

ఆ ఆదివారమే ఊరెళ్ళింది. బాజీ అరుగు మీద కొత్త పీక అంచులు గీరుతున్నాడు. కూతురు ఆఫ్రీన్ పక్కన కూచుని సన్నాయి తుడుస్తోంది. ఇంటర్ చదివే పిల్ల, ఇప్పుడు గుడ్డ తడిపి పదును చూసేదీ తనే. వచ్చే శ్రీరామనవమికి రాములోరి కల్యాణంలో బాజీ తన పీకని నోట్లో తడిపి ఆ పిల్ల చేతికివ్వాలి. ఆ ఇంట్లో విద్య అందించడమంటే అదే. ఆడపిల్లకి అందించడం ఇదే మొదటిసారి. ఆ మాట విన్నప్పుడు సైదాబీకి సంతోషం, కుళ్ళు రెండూ ఒకేసారి కలిగాయి.

విషయమంతా చెప్పింది. బాజీ పీక గీరడం ఆపలేదు.

"అయితే నా ఊపిరితిత్తుల్లో అద్దె కట్టని జనం కాపురం ఉన్నారంటావ్."

"ఎగతాళి కాదన్నా. అవి ఉన్నంతకాలం లోపల పుండు మానుతుంది, మళ్ళీ రేగుతుంది. మానేటప్పుడల్లా ఒంట్లో కొత్త కండ పుట్టాలి. ఏళ్ళ తరబడి అట్లా పుట్టీ పుట్టీ ఎప్పుడో ఒకటి దారి తప్పుద్ది. అదే క్యాన్సరు. అందరికీ వస్తుందని కాదు, ముప్పు పెరుగుద్దంటున్నా. నాయనకి వచ్చింది గదా."

"మరి మందేస్తే?"

"పోతాయి. నీలోనూ పోతాయి, డబ్బాలోనూ పోతాయి."

"డబ్బాలో ఎందుకు పోవాలంట?" బాజీ చెయ్యి ఆగింది.

సైదాబీ సంచీలోంచి ఒక పీక తీసింది. అన్న పీకే. గుడ్డపీలికతో పాటు తెప్పించి, ల్యాబ్‌లో మింగుళ్ళు లేకుండా ఉత్త మందునీళ్ళతో కడిగి ఆరబెట్టింది. "ఊది చూడు" అంది.

బాజీ దాన్ని సన్నాయికి తగిలించి ముఖారి ఎత్తుకున్నాడు. శ్రుతి ఉంది, గమకం ఉంది, చెయ్యి తిరిగినతనమంతా ఉంది. నున్నగా, తేటగా, ఎక్కడా వంక పెట్టలేని సన్నాయి. జీర లేదు. గడపలో నిలబడిన జైనాబీ చేతిలోని చేట దించేసింది. బాజీ సగంలో ఆపి పీకని ఊడదీసి చెల్లెలి ఒళ్ళో పడేశాడు.

"ఇది బజార్లో దొరికే సన్నాయి. నాయనది కాదు."

"ఆ జీర నాయనది కాదన్నా. ఆ పురుగు గూడు పీక మీద పొరలా పేరుకుంటుంది. పొర వణికితే జీర పలుకుద్ది."

"మరి ఇన్నాళ్ళూ వాయించింది నాయనా, పురుగా?"

సైదాబీ ఒళ్ళో పడ్డ పీకని తీసి సంచీలో వేసుకుంది.

"పాటలు ఫోన్లో దాచుకోవచ్చు గదా నాన్నా" అంది ఆఫ్రీన్ మెల్లగా.

"ఫోన్లో జీర వినపడదే పిచ్చిమొగమా, గరగర వినపడుద్ది. మీ తాత పోయాక నాకు మిగిలింది ఆ ఒక్క జీరే. పొద్దున లేచి గుక్క పట్టి ఊదానంటే మా నాయన వచ్చి పక్కన కూచున్నట్టుంటుంది. దాన్ని నా చేత్తో చంపమంటుంది మీ అత్త." అంతటితో ఆగకుండా చెల్లెలి వైపు తిరిగాడు. "సన్నాయి ఇవ్వలేదని నీకు మొదట్నుంచీ కడుపుమంట. ఇప్పుడు తీర్చుకుంటున్నావ్."

ఆ మాట సూటిగా వెళ్ళి గుచ్చుకుంది. సైదాబీ కాఫీ కూడా తాగకుండా బస్సెక్కింది. దారి పొడుగునా తిట్టుకుంది, అన్నని కొంత, తనని కొంత.

ల్యాబ్‌లో పని మాత్రం ఆపలేదు. అన్నలోని జీవికి సరిపడా మింగుళ్ళని వెతికి, మచ్చిక చేసి, పెంచి, రావలసిన అనుమతులన్నీ వచ్చేసరికి చలికాలం వెళ్ళిపోయింది. మనుషుల మీద పరీక్షలు మొదలయ్యే ముందు ల్యాబ్‌లో అందరూ తమ ఊపిరినీ చూసుకోవాలని పెద్దాయన డాక్టర్ కోటిలింగం గారి నియమం. సైదాబీ గాజుగొట్టంలోకి ఊది ఇచ్చింది. సాయంత్రం కోటిలింగం గారే పిలిచారు.

"నీలోనూ ఉన్నాయమ్మా. చిన్నప్పుడు పీక ఊదావా ఏంటి?"

"పదును చూసేదాన్నండీ."

"సరే. మొదటి మోతాదు నువ్వే తీసుకో. తయారుచేసినదానివి, నీకంటే నమ్మకం ఎవరికుంటుంది?"

తీసుకుంటానంది. ఆ చిన్న సీసా ఇచ్చిన రోజు నుంచీ అది ఆమె ఇంట్లో ఫ్రిజ్‌లోనే ఉంది. ఇవాళ జలుబు, రేపు ప్రయాణం, ఎల్లుండి తీరిక లేదు. ఊరందరికీ చెప్పే శాస్త్రవేత్త తనకి తాను చెప్పుకున్న కుంటిసాకులు ఇవి. అసలు సంగతి ఆమెకి తెలుసు. నాయన ఒంట్లో పెరిగింది తన ఒంట్లో ఇంకా ఊపిరి పీలుస్తోంది. సన్నాయి ఇవ్వకపోయినా నాయన ఆమెకి ఇచ్చింది ఇదొక్కటి. చంపబుద్ధి కాలేదు, అంతే. అన్నని మొండివాడని తిట్టిన మనిషి, తనే అన్నకంటే ఎక్కువ మొండికేసి కూచుంది.

నవమి దగ్గరపడుతుండగా జైనాబీ ఫోన్ చేసింది. ఈసారి మొత్తుకోలేదు, గొంతు తగ్గించి చెప్పింది.

"సైదా, పిల్ల దగ్గుతోంది. మీ అన్న విననట్టే ఉంటున్నాడు గానీ, అది దగ్గినప్పుడల్లా వాయించడం ఆపుతున్నాడు."

సైదాబీ ఆఫ్రీన్‌ని తీసుకురమ్మని చెప్పింది. జైనాబీ వస్తుందనుకుంటే బాజీయే వచ్చాడు, తెల్ల లుంగీ కట్టుకుని, ఎవరింటికో పెళ్ళికి వచ్చినవాడిలా గుమ్మం దగ్గరే నిలబడి. పిల్లకి స్కాన్ తీశారు. బొమ్మ తెర మీద పడింది. కుడివైపు కింద బియ్యపుగింజంత మచ్చ.

"క్యాన్సరా?" అన్నాడు బాజీ.

"కాదన్నా. పుండు మానిన మచ్చ. ఇప్పుడే గూడు కడుతున్నాయి."

సైదాబీ కావాలనే నాయన పాత స్కాన్ పక్కన పెట్టింది. కుడివైపు కింద. అదే చోటు. బాజీ రెండింటినీ చాలాసేపు చూశాడు. తర్వాత అక్కడే బల్ల మీద కూలబడ్డాడు.

"నీకు గుర్తుందా సైదా? చివరి రోజుల్లో నాయన డబ్బా తెమ్మనేవాడు. ఊదలేడు. పీకని ఊరికే పెదాల మీద పెట్టుకుని పడుకునేవాడు. పసిపిల్లాడు పాలపీక పట్టుకున్నట్టు. నేను మురిసిపోయా, ఎంత ప్రేమరా ఈయనకి సన్నాయంటే అని." అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. "రేపు ఇదీ అట్లా పడుకుంటే నేను చూడలేనే. జీర లేకపోతే పీడా పాయె. ఏం చెయ్యాలో చెప్పు."

ఆఫ్రీన్ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. సైదాబీకి గెలిచినట్టు అనిపించలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. కోటిలింగం గారు తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేశారు.

మందు ఎట్లా పనిచేస్తుందో బాజీ గుచ్చి గుచ్చి అడిగాడు. ఎంతసేపట్లో మొదలవుద్ది? కొన్ని గంటల్లో. ఊపిరిలోకి వస్తాయా? వస్తాయి, ఎంగిల్లోకీ వస్తాయి. ఆ నోటితో పీక ఊదితే? పీక మీదవీ తింటాయి. డబ్బాలో పెడితే డబ్బాలోవీ తింటాయి.

"అయితే నవమి నాడు పొద్దున్నే తీసుకుంటా" అన్నాడు బాజీ. "తోడు పెట్టి తెచ్చుకున్నాం గదా. తోడు పెట్టే పంపిద్దాం."

"ఆఫ్రీన్‌కి మాత్రం ఇక్కడే, మా డాక్టర్ల ముందే ఇస్తా. ఆ విషయంలో ఆచారం గీచారం కుదరదు."

"నీ మందు నువ్వియ్యి తల్లీ, ఎవరొద్దన్నారు? నా చేత్తో ఇచ్చేది నేనిస్తా."

ఆఫ్రీన్ ఆ వారమే ఆవిరి పట్టుకుంది. మళ్ళీ తీసిన పరీక్షలో ఒక్క జీవి కూడా మిగల్లేదు. తండ్రి శుభ్రమయ్యేదాకా ఇంట్లో ఎవరి పీకా ముట్టొద్దని సైదాబీ ఆ పిల్లతో ఒట్టేయించుకుంది.

నవమి పొద్దున బాజీ అరుగు మీద కూచుని ఆవిరి గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. సైదాబీయే పట్టింది. అయిపోయాక, "చప్పగా ఉందే, కాస్త అల్లం వెయ్యాల్సింది" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. చిన్నప్పటి నుంచీ అంత సఖ్యంగా నవ్వుకుని ఎరగరు.

కల్యాణం పందిరిలో డోలు మోగింది. బాజీ కళ్ళు మూసుకుని ఆనందభైరవి ఎత్తుకున్నాడు. జీర పలికింది. ఎంత నిండుగా పలికిందంటే, పందిట్లో చల్ల గ్లాసులు పంచేవాళ్ళు కూడా ఆగిపోయారు. సైదాబీ స్తంభానికి ఆనుకుని వింది. నాయన వచ్చాడు. పక్కనే కూచున్నాడు. తాంబూలం వాసన కూడా వచ్చినట్టనిపించింది.

జీలకర్రబెల్లం వేళకి ఆ జీర కొంచెం పలచబడింది. జనానికి తెలియలేదు. సైదాబీకి తెలిసింది, బాజీకి తెలిసింది. ఆయన ఆపలేదు. ఒక్కో సంగతి వేసి, అందులో జీర ఎంత మిగిలిందో వెతుక్కుంటున్నట్టు మళ్ళీ అదే సంగతి వేశాడు. తలంబ్రాల వేళకి కింది స్వరాల్లో మాత్రమే మిగిలింది. వెళ్ళిపోతున్న చుట్టాన్ని సందు మలుపు దాకా సాగనంపినట్టు, ఆయన దాన్ని కింది షడ్జం దాకా సాగనంపాడు. అక్కడ అది అయిపోయింది. ఆ తర్వాత సన్నాయి తేటగా మోగింది, ఎండలో నీళ్ళలా.

పందిరి ముందు కూచున్న ముసలాయన ఒకాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏరా బాజీ, ఇయ్యాల సన్నాయి కడిగావా ఏంది?"

"కడిగా పెదనాయనా" అన్నాడు బాజీ. "మా నాయనకి నీళ్ళు పోశా."

పల్లకీ గుళ్ళోకి వెళ్ళాక, బాజీ పీకని ఊడదీసి సైదాబీ చేతిలో పెట్టాడు. ఆమె తెచ్చిన పరీక్ష చీటీ మీద అద్దింది. చీటీ రంగు మారలేదు. తల ఊపింది. అప్పుడాయన దాన్ని నోట్లో పెట్టి, బాగా తడిపి, తల వంచిన ఆఫ్రీన్ చేతికిచ్చాడు. ఆ పిల్ల పీకని తగిలించి ఊదింది. బాజీ సన్నాయి కాదు, నాగుల్‌మీరా సన్నాయి అసలే కాదు. కొంచెం తొందర, కొంచెం పొగరు. ఎవరిదో కొత్తది. జైనాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

పొద్దున ఆవిరి పట్టాక బాజీ తన ఎంగిలి పీక ఒకటి పెట్టి మూసిన ఇత్తడి డబ్బాని ఇంటికొచ్చాక అరుగు మీద తెరిచి పెట్టారు. గుడ్డ ఆరుతోంది. సైదాబీ వంగి వాసన చూసింది. ఇత్తడి వాసన మాత్రమే వచ్చింది.

"చిన్నప్పుడు నువ్వూ ఆ పీక ఊదినదానివే గదా, నువ్వెప్పుడు తీసుకున్నావే మందు?" అన్నాడు బాజీ ఉన్నట్టుండి.

"ఆఁ, తీసుకుంటాలే."

"తీసుకుంటాలే అంటే? తీసుకోలా?" ఆయన చెల్లెలి మొహంలోకి చూశాడు. చిన్నప్పుడు పదును పడలేదని అబద్ధమాడినప్పుడు ఎట్లా చూసేవాడో అట్లాగే చూశాడు. కోప్పడతాడేమో అనుకుంది. కోప్పడలేదు. "అయితే నాయన ఇప్పుడు నీ ఒక్కదాని దగ్గరే ఉన్నాడన్నమాట" అన్నాడు.

సైదాబీ తల దించుకుంది.

బాజీ లేచి తన సన్నాయి తెచ్చాడు. అవసరానికని ఉంచుకున్న రెండో పీక తగిలించాడు, అదీ పొద్దుటి నుంచీ తన నోట నానిందే. తెచ్చి చెల్లెలి ఒళ్ళో పెట్టాడు. బరువుగానే ఉంది. నాయన చెప్పింది అబద్ధమేం కాదు.

"దీనిలో నీ మింగుళ్ళు ఇంకా బతికే ఉంటాయా?"

"ఉంటాయి."

"మరి ఊదు. సీసా మందు రేపు పీలుద్దువు గాని. ముందు ఇది ఊదు. నీకు రావాల్సిందే గదా, ఆలస్యమైంది."

"నాకు రాదన్నా."

"పీకకి పదును పడిందో లేదో నీకంటే బాగా ఎవరికి తెలుసే?"

ఆఫ్రీన్ పక్కకొచ్చి, "అత్తా, వేళ్ళు ఇట్లా" అని రంధ్రాల మీద వేళ్ళు సర్దింది. సైదాబీ పీకని పెదాల మధ్య పెట్టుకుంది. ఊదితే ఆ మింగుళ్ళు తనలోకీ దిగుతాయని ఆ అరుగు మీద ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. లోపల్నుంచి ఎవరో కేకేస్తారని ఒక్క క్షణం చూసింది. కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, ఊదింది.

వంకరటింకరగా ఒక స్వరం వచ్చింది. అందులో జీర ఉందో, ఆమెకే వినిపించిందో తెలియదు. కన్నీళ్ళు పీక మీద పడ్డాయి. ఆగబోయింది.

"ఆపమాక" అన్నాడు బాజీ. "ఊదు."